గేటు మీద నల్లంచు కాగితం

ఆరేళ్లుగా దొన్కా పొద్దున లేవగానే చేసే మొదటి పని గేటు మీది కాగితం తుడవడం. కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టి, అది పొంగేలోగా పొడి గుడ్డ తీసుకుని వాకిట్లోకి వెళ్లేది. గేటుకి అంటించిన నల్లంచు కాగితం, పోయినవాళ్ల జ్ఞాపకంగా అక్కడివాళ్లు ఏటేటా అచ్చు వేయించి అంటించేది, దాని మీద ప్లాస్టిక్ తొడుగు, లోపల కూతురు నెవెనా ఫోటో. రాత్రి కురిసిన మంచు, రోడ్డు దుమ్ము, ఒక్కోసారి నత్త పాకిన జాడ ఉండేవి. అవన్నీ తుడిచి, "లేచావా అమ్మా" అని ఒక్క మాట అని లోపలికి వచ్చేసరికి కాఫీ సరిగ్గా అంచు దాకా వచ్చి ఉండేది. ఆరేళ్లలో ఒక్కనాడూ పొర్లలేదు.

ఈ వేసవి నుంచి రోజూ పొర్లుతోంది.

ఇప్పుడు గుడ్డతో పాటు చీపురు, చేట కూడా పట్టుకెళ్లాలి మరి. గేటు ముందు వెల్లుల్లిపాయలు పడి ఉంటాయి. ఎర్రదారం చుట్టిన పుల్లలు, సగం కాలిన కొవ్వొత్తులు ఉంటాయి. ఎక్కడెక్కడి వాళ్లో కార్లేసుకుని వస్తారు. ఎదురుగా ఉన్న అక్రోటు చెట్టు కింద నిలబడి ఫోటోలు దిగుతారు. వెళ్లేటప్పుడు దయ్యం తమ వెంట రాకుండా వెల్లుల్లి ఇక్కడ పడేసి పోతారు. బెలీ బ్రెగ్ ఊళ్లో దయ్యం తిరిగే ఇల్లు ఇదే కదా. టీవీలో చూపించారు.

"పోన్లేవే, ఈ ఏడు నీకు వెల్లుల్లి కొనే పని తప్పింది," అంది పక్కింటి వెల్కా, ప్రహరీ మీంచి మెడ సాచి.

"చెత్తలో పోస్తున్నాను."

"అయ్యయ్యో, బంగారంలాంటి పాయలు! ఇటు పడెయ్యి. మిరపకాయల్లో వేసుకుంటాను."

"దయ్యానికి పెట్టినవి."

"ఉడికించాక దయ్యమేం మిగుల్తుందే నీ మొహం!"

ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని ఏడో తరగతి దాకా చదివారు. ఒకే ఏడాది పెళ్లిళ్లయ్యాయి. దొన్కా మొగుడు ఇలియా డాన్యూబ్ మీద సరుకు పడవల్లో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయినప్పుడు మూడు రోజులు పొయ్యి వెలిగించనివ్వకుండా వండిపెట్టింది వెల్కాయే. నెవెనా పోయినప్పుడు శవానికి బట్టలు తొడిగిందీ వెల్కాయే. అందుకని దొన్కా చేట ప్రహరీ మీంచి అందించింది.

నెవెనా బజారు వీధిలో మందుల షాపులో పనిచేసేది. క్రసిమిర్ అనే కుర్రాడు కిటికీలకి అద్దాలు బిగించేవాడు. రోజూ తలనొప్పి మాత్రలు కొనుక్కోవడానికి వచ్చేవాడు. రోజుకో అట్ట మాత్రలు మింగితే మనిషి బతకడని నెవెనా నవ్వేది. తరవాత నవ్వడం మానేసింది. వద్దని మొహం మీదే చెప్పింది. ఆ మర్నాటి నుంచి అతను అక్రోటు చెట్టు కింద నిలబడ్డాడు. వాన వచ్చినా, మంచు కురిసినా, అక్కడే. రోజూ పొద్దున గేటు కింద పూలు పెట్టేవాడు. మొదట నాలుగు. తరవాత రెండు. బతికున్న మనిషికి ఇచ్చేవి ఎప్పుడూ బేసి పూలే. సరి పూలు సమాధి మీదకే పోతాయి.

దొన్కా పోలీసు స్టేషనుకి నాలుగుసార్లు వెళ్లింది. స్టేషనులో ఉండేది గెంచో. ఇలియాతో చేపలు పట్టినవాడు.

"పూలు పెడుతున్నాడని కేసు రాయమంటావా చెల్లెమ్మా? మా ఆవిడ వింటే ఆ కుర్రాణ్ణి నాకు గురువుగా కుదురుస్తుంది," అన్నాడు.

"రెండు పూలు గెంచో అన్నా. రెండు."

"లెక్క రానివాడేమో."

అనడానికి అన్నాడు గానీ, రెండు అనే మాట విన్నాక దొన్కా కళ్లలోకి చూడలేదు. అతనూ ఆ ఊళ్లో పుట్టినవాడే. పదకొండు నెలలు గడిచాయి. సెప్టెంబరులో ఒకరోజు మధ్యాహ్నం, నెవెనా పని దిగి షాపు వెనక మెట్ల మీంచి వస్తుంటే, అద్దాలు కోసే మనిషి చేతిలో ఏముంటుందో అదే అతని చేతిలో ఉంది. కోర్టు అతనికి పదహారేళ్లు వేసింది.

రెండేళ్ల కిందట రాజధాని సోఫియా నుంచి బిలియానా వచ్చింది. టీవీకి కథలు రాసే అమ్మాయి, నెవెనా బతికుంటే ఆమె ఈడే. వంటింట్లో కూర్చుని, దొన్కా జున్ను పెట్టి కాల్చిన బనిత్సా మూడు ముక్కలు తిని, జున్ను అంటిన వేళ్లు తుడుచుకుని, "పిన్నీ, మీరు చెప్పండి, నేను వింటాను," అంది. ఆ మాట దొన్కాతో అప్పటిదాకా ఎవరూ అనలేదు. మూడు రోజులు చెప్పింది. చెట్టు సంగతి, పూల సంగతి, గెంచో సంగతి. ఒక్కటి మాత్రం చెప్పలేదు. అది ఇలియా సమాధికి కూడా చెప్పలేదు.

ఏప్రిల్లో సీరియల్ మొదలైంది. 'అక్రోటు చెట్టు కింద' అని పేరు. గురువారం సాయంత్రం ఎనిమిదింటికి. వెల్కా పొద్దుతిరుగుడు గింజల పొట్లం పట్టుకుని వచ్చి దొన్కా పక్కన కూర్చునేది. మొదటి ఏడు వారాలూ జరిగింది జరిగినట్టే చూపించారు. చెట్టు కింద మనిషి. పూలు. నవ్వే పోలీసు. వెల్కా గింజలు కొరకడం మరిచిపోయేది.

ఆ ఏడు వారాలు దొన్కాని ఊరు ఊరంతా మనిషిగా చూసింది. రొట్టెల షాపు వరసలో ఆడవాళ్లు పక్కకి జరిగి ముందుకి పొమ్మనేవారు. "ఇంత నరకం పడిందా ఆ పిల్ల! మాకు తెలీలేదే తల్లీ," అన్నారు. తెలీకపోవడమేం, చెట్టు అందరికీ కనపడేదే. అయినా దొన్కాకి ఆ మాట చాలనిపించింది. పింఛను తీసుకుని తిరుగుతున్న గెంచో ఆమెని చూసి రోడ్డు దాటి అవతలికి పోయేవాడు. అది కూడా చాలనిపించింది.

ఎనిమిదో వారం చెట్టు కింది మనిషి గేటు తీయకుండానే గేటులోంచి నడిచి లోపలికి వచ్చాడు.

వెల్కా శిలువ గుర్తు వేసుకుంది. "ఓసి నా తల్లో! వీడు మనిషి కాదే!"

కాదట. నలభై ఏళ్ల కిందట ఆ ఇంటి బావిలో పడి చచ్చినవాడట. పిల్ల తెలిసో తెలియకో బావిలోకి వంగి పేరు పెట్టి పిలిచిందట. అందుకే వెంటపడ్డాడట. తొమ్మిదో వారం అద్దాల్లోంచి వచ్చాడు. పదో వారం ఊళ్లో పావురాలన్నీ చచ్చి పడ్డాయి. పోలీసు తుపాకీ పేలిస్తే గుండు దయ్యంలోంచి దూరిపోయి గోడకి తగిలింది. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు?

"మా ఇంట్లో బావే లేదు," అంది దొన్కా.

"హుష్! చూడనివ్వవే," అంది వెల్కా.

తరవాత ఊరు నెమ్మదిగా మాట మార్చింది. రొట్టెల వరసలో ఎవరూ పక్కకి జరగలేదు. ఆ చెట్టు నీడ మంచిది కాదని మా ముసలమ్మ ఎప్పుడో చెప్పిందని ఒకామె అంది. ఆ పిల్ల కళ్లు మొదట్నించీ ఒక మాదిరిగా ఉండేవని ఇంకొకామె అంది. గెంచో రోడ్డు దాటడం మానేశాడు. ఒకరోజు ఎదురొచ్చి నిలబడి, టోపీ తీసి, "చూశావుగా చెల్లెమ్మా. మన చేతిలో లేనివి కొన్ని ఉంటాయి," అన్నాడు. ఆరేళ్లలో మొదటిసారి కళ్లలోకి చూసి మాట్లాడాడు. ఆ కళ్లు హాయిగా ఉన్నాయి.

ఆగస్టులో క్రసిమిర్ తల్లి స్టాన్కా ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టింది. చేతిలో అర్జీ. శిక్ష తగ్గించమని. ఊరివాళ్లు సంతకాలు పెడితే కోర్టు ఆలకిస్తుందని వకీలు చెప్పాడట. "మా వాడు ఆ వేళ వాడి స్పృహలో లేడమ్మా, ఏదో పట్టింది, మీరే టీవీలో చూశారుగా," అని ఏడ్చేది. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. అదే చిక్కు. జనం సంతకాలు పెట్టారు.

వెల్కా పెట్టిందని దొన్కాకి రొట్టెల షాపులో తెలిసింది. ఇంటికొచ్చేసరికి వెల్కా వాకిట్లో మిరపకాయలు కాలుస్తోంది.

"పెట్టావా?"

వెల్కా కాలిన మిరపకాయ తిరగేసింది. "స్టాన్కా మోకాళ్ల మీద పడిందే. ఆవిడకీ వాడొక్కడే."

"నాకూ ఒక్కతే."

"నెవెనా తిరిగొస్తుందా చెప్పు, నేను పెట్టకపోతే? వాడు మాత్రం... ఏమో, మనకేం తెలుసు, ఏం పట్టిందో. మామూలు మనిషి చేసే పనా అది?"

"మామూలు మనిషే చేశాడు వెల్కా. నువ్వు చూశావు. చెట్టు కింద రోజూ చూశావు. చలికి చేతులు ఊదుకునేవాడు. దయ్యానికి చలేస్తుందా?"

"నన్నెందుకు ఆడిపోసుకుంటావే! ఊరంతా పెట్టారు."

దొన్కా లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత చేట ప్రహరీ మీంచి అందించలేదు. వెల్లుల్లి చెత్తలోకే పోయింది.

సెప్టెంబరు రెండోవారంలో, నెవెనా ఏడో ఏడు దగ్గర పడుతుండగా, బిలియానా మళ్లీ వచ్చింది. ఈసారి జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. దొన్కా అలవాటు కొద్దీ కాఫీ పెట్టింది. బనిత్సా చేయలేదు.

"పిన్నీ, ఆఖరి భాగం ఇక్కడే తీస్తున్నాం, మీ గేటు దగ్గరే. బుధవారం పొద్దున వచ్చేస్తాం. ఒక చిన్న సాయం. గేటు మీద ఆ కాగితాలు, పాతవి కింద అట్టలు కట్టిపోయి ఉన్నాయి కదా, జిగురుతో సహా గోకి శుభ్రం చేసి పెట్టండి. మా కథలో ఆ పిల్ల ఇంకా చావలేదు మరి, కెమెరాలో పడితే బాగోదు. మావాళ్లని చెయ్యమంటే ఒక్కడూ ముట్టుకోనంటున్నాడు."

ఎలా ముట్టుకుంటాడు? నల్లంచు కాగితాన్ని గాలీ వానా తీసుకుపోవాలి గానీ మనిషి చెయ్యి చింపకూడదు. తాగుబోతులు కూడా దాని జోలికి పోరు. చింపే హక్కంటూ ఉంటే అది ఆ ఇంటివాళ్లకే.

"వాణ్ణి దయ్యాన్ని ఎందుకు చేశావమ్మా?" అంది దొన్కా.

బిలియానా కప్పు కింద పెట్టింది. "నేను చెయ్యలేదు పిన్నీ. పైవాళ్లు చేశారు. ఆరో వారానికి చూసేవాళ్లు తగ్గారు. మనిషి చెట్టు కింద నిలబడితే ఎన్నాళ్లు చూస్తారు? విసుగొస్తుంది."

"మేం పదకొండు నెలలు చూశాం."

బిలియానా చిన్నగా అంది: "దయ్యమైతే ఎవరికీ కోపం రాదు. పోలీసులకి రాదు, ఊరికి రాదు. ఎవరూ కోర్టుకి పోరు. నిజం చెప్తున్నాను, నాకూ ఇష్టం లేదు."

"ఇష్టం లేకుండా రాశావా?"

"ఉద్యోగం పిన్నీ."

దొన్కా చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఏడేళ్లుగా దాచిన సంగతి అప్పుడు నోటికొచ్చింది. ఎందుకు ఆ వేళే, ఆ పిల్లకే చెప్పిందో ఆమెకీ తెలియదు.

"వాడు చెట్టు కింద నిలబడకముందు, ఈ ఇంటికి మొదటిసారి వచ్చింది నా దగ్గరికే. ఆరు తెల్లపూలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. 'ఎవరు పోయారు నాయనా?' అని నవ్వాను. వాడికి అర్థం కాలేదు. 'పూలెప్పుడూ కొని ఎరగను పిన్నిగారూ, షాపువాడు కట్టిచ్చాడు,' అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి వాడికి. జాలేసింది. ఒక పువ్వు తీసి వాడి చొక్కా జేబులోనే గుచ్చాను. 'ఆడపిల్లకి ఐదు తేవాలి, సరి పూలు చచ్చినవాళ్లకి,' అని చెప్పాను. లెక్క నేను నేర్పాను వాడికి. తరవాత నాలుగు పెట్టాడంటే, రెండు పెట్టాడంటే, నా దగ్గర నేర్చుకునే పెట్టాడు."

దొన్కా బల్ల మీది కాఫీ కప్పు వైపు చూసింది.

"కాఫీ పోశాను. కూర్చునే ముందు చేతులు కడుక్కున్నాడు. మంచివాడనుకున్నాను. నెవెనాకి ఇరవయ్యారు నిండాయి, ఎవరూ లేరు. 'ఒంటిగంటంబావుకి పని దిగుతుంది, వెనక మెట్ల మీంచి వస్తుంది, అక్కడ నిలబడితే మాట్లాడొచ్చు,' అని నేనే చెప్పాను. వాడు అడగనుకూడా లేదు. నేనే చెప్పాను."

గోడ గడియారం చప్పుడు వినపడుతోంది.

"దయ్యానికి టైము చెప్పక్కర్లేదమ్మా," అంది దొన్కా. "మనిషికే చెప్పాలి."

బిలియానా కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం నీళ్లే. ముక్కు తుడుచుకుని అంది: "పిన్నీ... ఇది అప్పుడే చెప్పి ఉంటే! కథ ఎంత బాగా వచ్చేదో."

దొన్కా లేచి కప్పులు తీసింది. "బుధవారం కదా," అంది. బిలియానా దాన్ని సరే అన్నట్టు తీసుకుని, చెంప మీద ముద్దు పెట్టి వెళ్లిపోయింది.

మంగళవారం పొద్దున దొన్కా నిజంగానే బకెట్లో వేణ్నీళ్లు, అందులో కాస్త సోడా కలిపి గేటు దగ్గరికి పట్టుకెళ్లింది. ఒకరు అడిగిన పని కాదనడం ఆమెకి చేతకాదు. అడిగినవాళ్లకి కాఫీ పోయడం, టైము చెప్పడం, మూడు రోజులు కథ చెప్పడం, బతుకంతా అలాగే గడిచింది. ఇలియా గోడల మీది సున్నం గోకిన రేకు తెచ్చి, ప్లాస్టిక్ తొడుగు తీసి, కాగితం మూల కింద పెట్టింది. పైకాగితం కాస్త లేచింది. దాని కింద పోయినేటిది. దాని కింద అంతకు ముందుది. ఆరు నెవెనాలు ఒకదాని కింద ఒకటి. అన్నింటి మీదా ఒకే మాట: 'మమ్మల్ని అకస్మాత్తుగా విడిచి వెళ్లిన మా నెవెనా'.

రేకు ఫోటోలో నెవెనా గడ్డం దాకా వచ్చి ఆగింది.

విడిచి ఎక్కడికి వెళ్లింది? పని దిగి ఇంటికి వస్తోంది. ఆ మాట ఏటేటా డబ్బిచ్చి అచ్చు వేయించింది తనే. బిలియానా దయ్యాన్ని ఇప్పుడు పెట్టింది. చంపినవాడి ఊసే లేని ఆ మాటతో తను ఆరేళ్ల కిందటే పెట్టింది.

రేకు బకెట్లో పడేసి, బీరువాలోంచి కోర్టు తీర్పు తీసుకుని, దొన్కా బజారు వీధికి నడిచింది. అచ్చు షాపు ఆసెన్ కళ్లజోడు పైకెత్తాడు.

"ఏడో ఏడా దొన్కమ్మా? పాత మాటలే కదా, అంకె మారుస్తాను."

"మాటలు కూడా." కాగితం ముక్క ముందుకి జరిపింది. అక్షరాలు పెద్దవి, వంకరవి.

ఆసెన్ చదివాడు. మళ్లీ చదివాడు. "ఇందులో పోయినవాళ్ల పేరే వేస్తారమ్మా. చంపినవాడి పేరు ఎవరూ వెయ్యరు."

"కోర్టు రాసిన మాటలే. చూసుకో, ముద్ర ఉంది."

తీర్పు మీద వేలు పెట్టి అతను పోల్చుకున్నాడు. "సరే, ఇవి ఉన్నాయి. ఈ ఆఖరి మాట కోర్టు కాగితంలో లేదు."

"అది నాది."

"ఇది వద్దమ్మా. ఊరు ఊరుకోదు. నిన్నే అంటారు."

"అననీ. మనిషినే అంటారుగా."

ఆసెన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనూ స్టాన్కాకి సంతకం పెట్టాను," అన్నాడు చివరికి.

"తెలుసు. నలభై కాగితాలకి ఎంతవుతుంది?"

మైదా జిగురు ఉడికించి, సాయంత్రం లోపల నలభై కాగితాలూ అంటించింది. రొట్టెల షాపు తలుపు పక్కన. బస్సు ఆగేచోట. మందుల షాపు వెనక మెట్ల దగ్గర. పోలీసు స్టేషను బోర్డు మీద. గెంచో ఇంటి ఎదురు స్తంభానికి. అక్రోటు చెట్టుకి, మనిషి నిలబడితే తల వచ్చేంత ఎత్తులో. మిగిలిన ఒక్కటీ తన గేటుకి, ఆ ఆరింటి మీద.

వెల్కా వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, పెదాలు కదుపుతూ చదివింది:

'నెవెనా ఇలియేవా, ఇరవై ఏడేళ్లు. క్రసిమిర్ వాసెవ్ అనే మనిషి పదకొండు నెలలు వెంటపడి, మందుల షాపు వెనక మెట్ల మీద, మధ్యాహ్నం ఒంటిగంటంబావుకి చంపాడు. ఆమె ఏ టైముకి వస్తుందో అతనికి చెప్పింది తల్లి దొన్కా.'

వెల్కా దొన్కా వైపు తిరిగింది. "ఇదేంటే? ఇది నిజమా?"

"నిజమే."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఎవరికీ చెప్పలేదు."

"నీ పేరు ఎందుకు వేసుకున్నావే పిచ్చిదానా? తీసెయ్యి. ఎవరూ చూడకముందే తీసెయ్యి."

"నువ్వు తియ్యి."

వెల్కా చెయ్యి కాగితం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. పమిటలాగా భుజం మీద ఉన్న శాలువా లాక్కుని, స్టాన్కా ఉండే వీధి వైపు నడిచింది. సంతకం కొట్టేయించడానికో, కబురు మోయడానికో దొన్కా అడగలేదు.

బుధవారం పొద్దున గేటు ముందు వెల్లుల్లి మామూలుగానే ఉంది. దొన్కా చీపురు తీయలేదు. ఎనిమిదింటికి టీవీవాళ్ల రెండు వ్యాన్లు వచ్చాయి. దిగినవాళ్లు ముందు గేటు చూశారు, తరవాత చెట్టు చూశారు. గడ్డం ఉన్న ఒక పెద్దాయన కాగితం చదివి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

బిలియానా పరుగున వచ్చింది. "పిన్నీ, గేటు శుభ్రం చేస్తానన్నారు కదా!"

"అన్నాననుకున్నావు. నీళ్లు అక్కడే ఉన్నాయి, రేకూ ఉంది. ఎవరైనా చేసుకోవచ్చు."

బకెట్ నిన్న పెట్టినచోటే ఉంది. నీళ్లు చల్లారిపోయాయి. పైన ఒక అక్రోటు ఆకు తేలుతోంది. బిలియానా తనతో వచ్చినవాళ్ల వైపు చూసింది. ఒకడు బూటు చూసుకున్నాడు, ఇంకొకడు సిగరెట్టు వెలిగించాడు. ఎవరూ బకెట్ దగ్గరికి రాలేదు.

దొన్కా వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద కాఫీ ఎప్పుడో పొర్లి చుట్టూ నల్లగా మాడి ఉంది. దాన్నీ తుడవలేదు. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అక్కణ్నించి గేటు కనపడుతుంది.